అద్దం కన్నా ముందు మౌంటు

డాబా మీద చిన్న షెడ్డు కట్టుకుని, ఎనిమిదంగుళాల టెలిస్కోపుతో శని వలయాలూ చంద్రుడి మీది గుంతలూ తనివితీరా చూసినవాళ్ళకి ఏదో ఒకనాడు ఫొటోల మీదికి మనసు మళ్ళుతుంది. మళ్ళిన మర్నాడే ఒక ప్రశ్న మొదలవుతుంది: పదంగుళాలది కొనాలా, పన్నెండంగుళాలదా? నన్ను అడిగినవాళ్ళందరికీ నేను చెప్పేది ఒకటే. ఉన్న అద్దాన్ని ఉండనివ్వండి. దాన్ని మోస్తూ ఆకాశంతోపాటు తిప్పే మౌంటు మీద ముందు డబ్బు పెట్టండి. నూట నలభై ఏళ్ళుగా ఇంటి అబ్జర్వేటరీల్లో రాత్రులు గడిపినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు తేల్చుకున్న సంగతి ఇది.

కంటితో చూడటానికీ ఫొటో తీయడానికీ ఉన్న తేడాలోనే దీని మర్మమంతా ఉంది. కన్ను వెలుగును దాచుకోదు. సెకనులో చిన్న భాగం మేర పోగుచేసి, మెదడుకి అప్పజెప్పి, మళ్ళీ ఖాళీ అయిపోతుంది. అందుకే ఎంతసేపు తదేకంగా చూసినా ఒరాయన్ నెబ్యులా కంటికి బూడిదరంగు మసకగానే ఉంటుంది. అందులోని ఎర్రరంగు కంటపడదు. కెమెరా వచ్చిన వెలుగునల్లా కూడబెడుతుంది. పది నిమిషాలు తెరిచి ఉంచితే పది నిమిషాల వెలుగు, ఐదు గంటలు ఉంచితే ఐదు గంటల వెలుగు. షరతు ఒక్కటే: అంతసేపూ ప్రతి నక్షత్రమూ సెన్సర్ మీద పడ్డచోటే పడాలి.

ఆ షరతు ఎంత కఠినమైనదో మొదట అనుభవించినవాళ్ళలో ఆండ్రూ ఐన్‌స్లీ కామన్ ఒకడు. ఆయన వృత్తి ఖగోళశాస్త్రం కాదు, శానిటరీ ఇంజినీరింగ్. లండన్ శివార్లలోని ఈలింగ్‌లో ఇంటి తోటలోనే అబ్జర్వేటరీ. 1870లలో ఐదున్నర అంగుళాల లెన్సు టెలిస్కోపుతో మొదలుపెట్టి, ఆ తర్వాత 18 అంగుళాల అద్దానికీ, 1879లో 36 అంగుళాల అద్దానికీ వచ్చాడు. అద్దం జార్జ్ కాల్వర్ చేసిచ్చినది. మౌంటును మాత్రం కామన్ స్వయంగా గీసుకున్నాడు. టెలిస్కోపు బరువంతా మోసే ఇరుసు రాపిడి లేకుండా తిరగాలని, దాన్ని పాదరసంలో తేలేట్టు అమర్చాడు. ఇంజినీరు బుర్ర ఎక్కడ పనిచేసిందో చూడండి! అంత పెద్ద అద్దం చేతికొచ్చాక కూడా ఆయన ధ్యాస ఇరుసు మీదే ఉంది.

1883 జనవరి 30న ఆ టెలిస్కోపుతో ఆయన ఒరాయన్ నెబ్యులాను ఫొటో తీశాడు. అంతకు ముందే, 1880 సెప్టెంబరు 30న, అమెరికాలో హెన్రీ డ్రేపర్ అనే వైద్యుడు తన ఇంటి అబ్జర్వేటరీ నుంచి అదే నెబ్యులాను పదకొండు అంగుళాల లెన్సుతో 51 నిమిషాల ఎక్స్‌పోజరిచ్చి పట్టుకున్నాడు. నెబ్యులాకు తీసిన మొట్టమొదటి ఫొటో అది. కామన్ ఫొటోతో మరో మెట్టు పైకెక్కినట్టయింది. అంతవరకూ ఎవరి కంటికీ ఆనని నక్షత్రాలు ప్లేటు మీద తేలాయి. మరుసటేడు రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయనకు స్వర్ణపతకం ఇచ్చింది. దీనికి రిచర్డ్ మాడక్స్ 1871లో కనిపెట్టిన డ్రై ప్లేటు సాయం కూడా ఉంది. పాత తడి ప్లేటు కొద్ది నిమిషాల్లోనే ఆరిపోయేది, గంటసేపు తెరిచి ఉంచే వీలే లేదు. ప్లేటు ఓపిక పెరిగేసరికి, దానికి తగ్గ ఓపిక మౌంటుకీ కావలసి వచ్చింది.

కామన్ ఆలోచనల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ప్లేటును పట్టుకునే చట్రం. ఒకదాని మీద ఒకటి అడ్డంగా, నిలువుగా జరిగే రెండు పలకలు, వాటిని జరపడానికి సన్నమరల స్క్రూలు, ప్లేటు అంచున ఒక ఐపీసు. ఫొటో పడుతున్నంతసేపూ మనిషి ఆ ఐపీసులో ఒక నక్షత్రాన్నే చూస్తుంటాడు. అది అడ్డగీత నుంచి కాస్త పక్కకి జరిగితే స్క్రూ తిప్పి మళ్ళీ గీత మీదికి తెస్తాడు. అన్ని మణుగుల ఇనుమును కదపడం కన్నా అరచేతిలో పట్టే ప్లేటును కదపడం తేలికని గ్రహించిన మేధ అది.

తర్వాత ఆ 36 అంగుళాల టెలిస్కోపును హాలిఫాక్స్‌లోని ఎడ్వర్డ్ క్రాస్లీ కొన్నాడు. 1895లో ఆయన దాన్ని కాలిఫోర్నియాలోని లిక్ అబ్జర్వేటరీకి ఇచ్చేశాడు. అక్కడ జేమ్స్ కీలర్ దాని మౌంటును సరిదిద్దడానికి ఎంతో శ్రమపడ్డాకే సర్పిలాకార నెబ్యులాల ఫొటోలు వరుసగా రావడం మొదలైంది. కామన్ మాత్రం ఈలింగ్‌లోనే 60 అంగుళాల అద్దానికి పూనుకున్నాడు. ఏళ్ళ తరబడి దానితో కుస్తీ పట్టాడు గాని, 36 అంగుళాలది తెచ్చిపెట్టినంత ఫలం అది తేలేదు. పెద్ద అద్దం మీద ఆశపడే ప్రతివాళ్ళూ ఈ రెండు టెలిస్కోపుల కథ చదవాలని నా కోరిక.

ఇప్పుడు మన డాబా మీదికి వద్దాం. మీ దగ్గర ఉన్నది ఎనిమిదంగుళాల, అంటే 200 మిల్లీమీటర్ల న్యూటోనియన్ అనుకోండి. ఫోకల్ లెంగ్త్ 1000 మిల్లీమీటర్లు. ఇప్పటి కెమెరాల్లో ఎక్కువగా కనిపించే 3.76 మైక్రాన్ల పిక్సెల్‌ను దానికి తగిలిస్తే, ఒక్కో పిక్సెల్ ఆకాశంలో 0.78 ఆర్క్ సెకన్ల మేర చూస్తుంది. డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్ సెకను. భూమి తిరగడం వల్ల నక్షత్రాలు సెకనుకి 15 ఆర్క్ సెకన్ల చొప్పున పడమరకి జారిపోతుంటాయి. అంటే మౌంటు ఆగితే ఒక్క సెకనులో నక్షత్రం పంతొమ్మిది పిక్సెళ్ళు దాటిపోతుంది. ఐదు నిమిషాల ఎక్స్‌పోజరులో నక్షత్రం చుక్కలా ఉండాలంటే, అంతసేపూ మౌంటు ఒకటి రెండు పిక్సెళ్ళకు మించి తప్పకూడదు. మరమేకులూ పళ్ళచక్రాలూ ఉన్న యంత్రం నుంచి ఆ నిక్కచ్చితనం కోరుతున్నామన్నమాట.

మామూలు ఈక్వటోరియల్ మౌంటు లోపల వర్మ్ గేరు ఉంటుంది. స్క్రూ ఆకారంలోని వర్మ్ ఒక చుట్టు తిరిగితే పెద్ద చక్రం ఒక పన్ను ముందుకు జరుగుతుంది. చక్రానికి 180 పళ్ళుంటే వర్మ్ దాదాపు ఎనిమిది నిమిషాలకొక చుట్టు తిరుగుతుంది. ఆ వర్మ్ వెంట్రుకవాసి వంకరున్నా, బెండు తిరిగిన సైకిల్ చక్రం చుట్టుచుట్టుకీ బ్రేకుకి రాసుకున్నట్టు, ప్రతి ఎనిమిది నిమిషాలకీ నక్షత్రం ముందుకొకసారి వెనక్కొకసారి ఊగుతుంది. దీన్నే పీరియాడిక్ ఎర్రర్ అంటారు. మధ్యరకం మౌంట్లలో ఈ ఊగుడు ఇరవై ముప్పై ఆర్క్ సెకన్లు ఉండటం మామూలే. ఫొటోలో నక్షత్రాలు బియ్యపు గింజల్లా సాగితే చాలామంది అద్దాన్ని అనుమానిస్తారు. చాలాసార్లు తప్పు అద్దానిది కాదు, ఈ వర్మ్‌ది.

ఈమధ్య స్ట్రెయిన్ వేవ్ గేరు మౌంట్లు బాగా వాడుకలోకొచ్చాయి. బరువు తక్కువ, చాలావాటికి వెనక తూకపు గుండు కూడా అక్కర్లేదు, చేత్తో పట్టుకుని మెట్లెక్కవచ్చు. అయితే వాటి సహజమైన ఊగుడు వర్మ్ గేరుదాని కన్నా ఎక్కువే. ఒక నక్షత్రాన్ని కనిపెడుతూ మౌంటును సవరించే గైడింగ్ లేకుండా వాటితో లోతైన ఫొటో రాదు. రోజూ మోసుకెళ్ళాల్సినవాళ్ళకి అవి వరం. షెడ్డులో శాశ్వతంగా నిలబెట్టేవాళ్ళు మంచి వర్మ్ గేరు మౌంటునే ఎంచుకోవాలన్నది నా అభిప్రాయం. ఏది కొన్నా కంపెనీ రాసిన బరువులో సగానికి మించి ఎక్కించకండి. కంటితో చూడటానికి పనికొచ్చే లెక్క ఫొటోకి సరిపోదు.

మౌంటు నిలబడే చోటు కూడా మౌంటులో భాగమే. నేల మీదైతే లోతుగా తవ్వి కాంక్రీటు స్తంభం పోసి, చుట్టూ గచ్చుకీ దానికీ మధ్య ఖాళీ వదిలితే అడుగుల అదురు దానికి తగలదు. మేడ మీద ఆ వీలు లేదు. శ్లాబు మధ్యలో స్తంభం పెడితే కింద గదిలో తలుపు గట్టిగా వేసినా తెరమీద నక్షత్రం గెంతుతుంది. ఇంటి పిల్లరు ఎక్కడ పైకొచ్చిందో కనుక్కుని, సరిగ్గా దాని నెత్తిన, లేదా రెండు బీములు కలిసేచోట, పైపు పియరు నిలబెట్టాలి. ఇల్లు కట్టించుకుంటున్నవాళ్ళయితే మేస్త్రీకి ముందే చెప్పి, పిల్లరు ఊచలను డాబా పైకి రెండడుగులు వదిలించుకోండి. తర్వాత దొరకని సౌకర్యం అది.

పియరు నిలబడ్డాక మౌంటు అక్షాన్ని ఉత్తర ధ్రువం వైపు తిప్పాలి. తెలుగు నేల మీద ఈ పని కాస్త కష్టం. ఉత్తరాన ధ్రువం ఎత్తు మన అక్షాంశమంతే ఉంటుంది: హైదరాబాదులో 17.4 డిగ్రీలు, విశాఖలో 17.7, తిరుపతిలో 13.6. లండన్‌లో అది 51 డిగ్రీల పైన నిలిచి ఉంటుంది. మనకు ధ్రువ నక్షత్రం పక్కింటి నీళ్ళ ట్యాంకు వెనకో, వేపచెట్టు వెనకో, దుమ్ములోనో దాక్కుంటుంది. అక్షం ఇంత వాలుగా ఉండటంతో కొన్ని మౌంట్లలో తూకపు గుండు కడ్డీ ట్రైపాడ్ కాలికి తగులుతుంది కూడా. స్తంభం మీద నిలబెట్టడానికి ఇది మరో కారణం. పైగా ధ్రువ నక్షత్రం అసలు ధ్రువం మీద లేదు. దానికి దాదాపు నలభై ఆర్క్ నిమిషాల దూరంలో, చంద్రబింబం వెడల్పుకు మించిన ఎడంగా ఉంది. దానివైపు గురిపెట్టి వదిలేస్తే సరిపోదు.

ధ్రువం కనిపించనివాళ్ళకి పాతకాలం నుంచీ ఒక దారి ఉంది, డ్రిఫ్ట్ పద్ధతి. నడినెత్తికి దగ్గరగా ఉత్తర దక్షిణ రేఖ మీద ఉన్న ఒక నక్షత్రాన్ని పట్టి చూస్తూ ఉండాలి. అది మెల్లగా దక్షిణానికి జారితే అక్షం తూర్పుకు ఎక్కువ తిరిగి ఉన్నట్టు, ఉత్తరానికి జారితే పడమరకి. ఆ తర్వాత తూర్పున కిందుగా ఉన్న మరో నక్షత్రం. అది దక్షిణానికి జారితే అక్షం దిగువకు వాలి ఉంది, ఉత్తరానికి జారితే ఎత్తు ఎక్కువైంది. కాసేపు చూడటం, బోల్టు కొద్దిగా తిప్పడం, మళ్ళీ చూడటం. ఇప్పుడు నీనా లాంటి సాఫ్ట్‌వేర్ మూడు ఫొటోలు తీసి, వాటిలోని నక్షత్రాల అమరికను బట్టి అక్షం ఎంత తప్పిందో నిమిషాల్లో చెప్పేస్తుంది, ధ్రువ నక్షత్రం కనపడకపోయినా సరే. అయినా ఒక్కసారన్నా డ్రిఫ్ట్ పద్ధతిలో చేసి చూడమని కొత్తవాళ్ళకి చెబుతాను. భూమి తిరగడాన్ని మన కళ్ళతో, మన బోల్టు మీద చూసే అవకాశం అది.

కామన్ ఐపీసు దగ్గర చేసిన కాపలా పని ఇప్పుడు గైడ్ కెమెరాది. చిన్న కెమెరా ఒకటి రెండు సెకన్లకోసారి ఒక నక్షత్రాన్ని చూస్తుంది. పీహెచ్‌డీ2 అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అది ఎంత కదిలిందో పిక్సెల్‌లో భిన్నాల దాకా లెక్కగట్టి మౌంటుకి సవరణ పంపిస్తుంది. గైడ్ కెమెరాను వేరే చిన్న గొట్టానికి తగిలించవచ్చు. కానీ న్యూటోనియన్‌లో ప్రధాన అద్దం తన తొట్టిలో రవ్వంత జరిగినా ఆ చిన్న గొట్టానికి తెలియదు. పెద్ద టెలిస్కోపు వెలుగులోంచే చిన్న ప్రిజంతో అంచు నక్షత్రాన్ని పక్కకి మళ్ళించే ఆఫ్-యాక్సిస్ గైడరైతే రెండూ ఒకటే చూస్తాయి. ప్లేటు అంచున ఐపీసు పెట్టిన ఈలింగ్ ఆలోచనకు ఇది నేరుగా వారసురాలు.

ఇంతా అయ్యాక గొట్టం సంగతి. కంటికోసం చేసిన చాలా న్యూటోనియన్లలో కెమెరా బిగిస్తే ఫోకస్ దొరకదు. ఫోకస్ పడే తలం గొట్టానికి మరీ దగ్గరగా ఉంటుంది, సెన్సరేమో కెమెరా లోపలెక్కడో ఉంటుంది. ప్రధాన అద్దాన్ని గొట్టంలో కాస్త పైకి జరపడమో, పొట్టి ఫోకసరు వేయడమో చేయాలి. ఎఫ్/5 అద్దం అంచుల్లో నక్షత్రాలను తోకచుక్కల్లా సాగదీస్తుంది, దానికి కోమా కరెక్టరు. చాలా కరెక్టర్ల నుంచి సెన్సర్ దాకా దూరం 55 మిల్లీమీటర్లు ఉండాలి. అక్కడ ఒక మిల్లీమీటరు వాషరు తేడా కూడా మూలల్లో కనిపిస్తుంది.

ఫోకస్ దగ్గర కొంచెం ఆగాలి. రష్యా ఔత్సాహికుడు పావెల్ బఖ్తినోవ్ పేరుతో చలామణిలో ఉన్న చీలికల మూతను గొట్టం నోటికి పెడితే, నక్షత్రం మూడు గీతలుగా విడిపోతుంది. మధ్య గీత మిగతా రెంటికీ సరిగ్గా నడుమకి వచ్చినప్పుడు ఫోకస్ కుదిరినట్టు. అంత సులువైన, అంత అందమైన పరికరం ఈ రంగంలో మరొకటి లేదు. కానీ కుదిరిన ఫోకస్ రాత్రంతా నిలవదు. మీటరు పొడవున్న అల్యూమినియం గొట్టం ఐదు డిగ్రీలు చల్లబడితే దాదాపు 0.115 మిల్లీమీటరు కుంచించుకుపోతుంది. ఎఫ్/5 దగ్గర ఫోకస్ తప్పకుండా ఉండే వెసులుబాటు మొత్తం 0.07 మిల్లీమీటరు ప్రాంతంలోనే. అంటే సాయంత్రం ఏడింటికి పెట్టిన ఫోకస్ పదింటికే చెడుతుంది. అందుకే మౌంటు తర్వాత నేను కొనమనేది మోటారు ఫోకసరు. ఎండాకాలంలో డాబా శ్లాబు పగలంతా తాగిన వేడిని అర్ధరాత్రి దాకా వదులుతూనే ఉంటుంది, ఆ సెగలో నక్షత్రాలు ఉడుకుతుంటాయి. సాయంత్రం నీళ్ళు చల్లినా కొంత మేలు.

కెమెరా విషయంలో మన వాతావరణం ఒక నిర్ణయం ముందే తీసేసుకుంది: చల్లబరిచే కెమెరా తప్పనిసరి. సెన్సర్ వేడెక్కినకొద్దీ వెలుగు పడకుండానే ఎలక్ట్రాన్లు పుడుతుంటాయి. ఉష్ణోగ్రత సుమారు ఆరు డిగ్రీలు తగ్గినప్పుడల్లా ఆ రొద సగమవుతుంది. ముప్పై డిగ్రీలు తగ్గిస్తే ముప్పై రెండో వంతుకి దిగుతుంది. చలిదేశాలవాళ్ళు మైనస్ ఇరవై పెట్టుకుంటారు గాని, ఏప్రిల్ రాత్రి 30 డిగ్రీల గాలిలో మన కెమెరా సున్నా దగ్గర నిలకడగా ఉంటే చాలు. ఎప్పుడూ ఒకే అంకె పెట్టుకుని, అదే అంకె దగ్గర మూత వేసి తీసిన డార్క్ ఫ్రేములను దాచుకోవడం ముఖ్యం. తీరం ఊళ్ళలో దీనికి మంచు బెడద తోడు. రెండో అద్దానికి చిన్న హీటరు పట్టీ చుట్టాలి. వానాకాలం నాలుగు నెలలూ లెన్సులను సిలికా జెల్‌తో గాలాడని డబ్బాలో పెట్టకపోతే బూజు పట్టేస్తుంది.

ఊరి వెలుతురుకి ఫిల్టర్లు కొంతవరకే మందు. సోడియం దీపాలు పోయి ఎల్‌ఈడీలు వచ్చాక పాత ఫిల్టర్లకి బలం తగ్గింది, ఎందుకంటే ఎల్‌ఈడీ వెలుగు అన్ని రంగుల్లోనూ పరుచుకుంటుంది. నెబ్యులాలకి మాత్రం దారి ఉంది. హైడ్రోజన్ 656.3 నానోమీటర్ల దగ్గర, ఆక్సిజన్ 500.7 దగ్గర వెలుగుతాయి. ఆ సన్నని కిటికీ మాత్రం తెరిచే ఫిల్టరుతో కూకట్‌పల్లి మేడ మీంచి కూడా నెబ్యులా ఫొటోలు తీయవచ్చు. గెలాక్సీలకి ఆ కిటుకు పనిచేయదు, ఊరు వదలాల్సిందే.

మన గడ్డ మీద ఈ ఇంటి అబ్జర్వేటరీల పరంపర కొత్తది కాదు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లోనే సొంతంగా అబ్జర్వేటరీ పెట్టుకున్నారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని కొనసాగించి, ఆరంగుళాల కుక్ టెలిస్కోపు తెప్పించారు. హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపుతో మొదలుపెట్టిన అబ్జర్వేటరీ, ఆయన పోయాక నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి నిజామియా అబ్జర్వేటరీ అయింది. తర్వాత బేగంపేటకు మారింది. అక్కడ 15 అంగుళాలది చాలా ఏళ్ళు పనిలోకే రాలేదు. ప్రపంచానికి నిజామియా పేరు తెచ్చింది ఎనిమిదంగుళాల ఆస్ట్రోగ్రాఫ్. ఆకాశమంతటినీ ఫొటోల్లో కొలిచే అంతర్జాతీయ పథకంలో ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ మొదట చిలీలోని శాంటియాగోకి కేటాయించినది. అది హైదరాబాదుకి మారింది, మనవాళ్ళు పూర్తిచేశారు. మొత్తం ఎనిమిదంగుళాల లెన్సుతో, ప్లేటు తర్వాత ప్లేటు.

చిన్న లెన్సు, ఎక్కువ గంటలు. ఈ సూత్రం ఇప్పటికీ కొత్త సంగతులు బయటపెడుతోంది. ఆండ్రోమెడా గెలాక్సీని మనిషి ఎన్ని వేలసార్లు ఫొటో తీశాడో లెక్కలేదు. అయినా దాని పక్కనే పెద్ద నీలి ఆక్సిజన్ చాపం ఉందని 2023లో లోకానికి తెలిసింది. తెలిపింది యాన్ సెంటీ, మార్సెల్ డ్రెక్స్‌లర్, జేవియర్ స్ట్రాట్నర్ అనే ఔత్సాహికులు. ఫొటో తీసిన లెన్సు 106 మిల్లీమీటర్లది, నాలుగంగుళాల చిల్లర. పోగుచేసిన వెలుగు వంద గంటలకు పైమాటే. పెద్ద టెలిస్కోపులు అంత వెడల్పాటి, అంత మసక చాపాన్ని అంతసేపు చూస్తూ కూర్చోలేవు. ఇంటి అబ్జర్వేటరీ కూర్చోగలదు. దాని విలువ అక్కడే ఉందని నా నమ్మకం.

మనకు ఇంకొకటి కూడా ఉంది. ధ్రువాన్ని అంత కిందికి దింపి మనల్ని ఇబ్బంది పెట్టిన అక్షాంశమే దక్షిణాకాశాన్ని మన ముందుకి తెచ్చింది. ఒమేగా సెంటారీ నక్షత్రగుచ్ఛం ఈలింగ్‌లో ఎప్పటికీ ఉదయించదు. హైదరాబాదులో అది దక్షిణాన పాతిక డిగ్రీల ఎత్తుకి వస్తుంది, తిరుపతిలో ఇంకా పైకి. కెరీనా నెబ్యులా కూడా దిక్చక్రానికి పదమూడు డిగ్రీల పైకి లేస్తుంది. షెడ్డు కట్టేవాళ్ళు ఉత్తరం వైపు కిటికీ కోసం చూస్తుంటారు గాని, దక్షిణం గోడను నడుం ఎత్తుకి మించనివ్వకండి. ఉన్న ఎనిమిదంగుళాల అద్దంతోనే, మంచి మౌంటు మీద, మే నెల మధ్యలో రాత్రి పదింటి ప్రాంతంలో ఒమేగా సెంటారీ సరిగ్గా దక్షిణానికి వచ్చినప్పుడు మొదటి ఫొటో తీయండి. దానికి ఫిల్టరు అక్కర్లేదు, రెండేసి నిమిషాల ఎక్స్‌పోజర్లు చాలు, ఊరి వెలుతురులో కూడా లక్షల నక్షత్రాల ముద్ద విడివిడి చుక్కలుగా విచ్చుకుంటుంది.